గేర్ బాక్సు దించే ముందు

"బావా, క్లచ్ ప్లేటు పోయిందంటున్నాడు. గేర్ బాక్సు దించాలట. రెండు రోజులు బండి వదిలేయమంటున్నాడు. వదిలేయనా?"

మా బావమరిది ఫోన్. శ్రీశైలం వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున్నే చేశాడు. ఘాట్‌లో బండి లాగలేదట. ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకు పోవట్లేదట, పైగా కాలిన వాసన. ఈ లక్షణాలు వింటే షెడ్డువాడు చెప్పింది తప్పనడానికి లేదు. అయినా ఒకటి అడిగాను: "ఈమధ్య క్లచ్ వైరు ఎవరైనా ముట్టుకున్నారా?"

"నెల కిందట. గేర్లు గట్టిగా పడుతున్నాయంటే బిగించారు. అప్పట్నుంచి వెన్నలా పడుతున్నాయి."

కిటుకంతా ఆ వెన్నలోనే ఉంది. బండి వదిలేయకుండా ఇంటికి తెచ్చేయమన్నాను.

"క్లచ్ పోయింది" అనడం "ఒంట్లో బాగాలేదు" అనడం లాంటిది. జ్వరమా, అజీర్తా, కాలు బెణికిందా అన్నది అందులో తేలదు. క్లచ్ జబ్బుల్లో ముఖ్యమైనవి రెండు, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకటి పట్టు చాలకపోవడం. రెండోది పట్టు వదలకపోవడం. మొదటి దానికి చేసే వైద్యం రెండో దాన్ని తెచ్చిపెడుతుంది, రెండో దానికి చేసేది మొదటి దాన్ని. మా వాడి బండికి జరిగింది అదే. ఇది అర్థం కావాలంటే ముందు లోపల ఏముందో చూడాలి.

ఇంజిన్ చివర ఫ్లైవీల్ అని ఒక బరువైన ఇనప చక్రం. ఇంజిన్ తిరిగినంతసేపూ అదీ తిరుగుతుంది. దానికి బోల్టులతో బిగించిన ప్రెషర్ ప్లేటు కూడా దాంతోపాటే తిరుగుతుంది. ఈ రెంటి మధ్య ఉండేది క్లచ్ ప్లేటు. గేర్ బాక్సులోంచి వచ్చే షాఫ్టు మీద ఎక్కి ఉంటుంది కాబట్టి అది తిరిగితేనే గేర్ బాక్సుకు ఇంజిన్ బలం అందుతుంది. రెండు అరచేతుల మధ్య అప్పడం పెట్టుకున్నట్టు ఊహించుకోండి. గట్టిగా అదిమితే చేతులెటు తిరిగితే అప్పడం అటు తిరుగుతుంది. కాస్త వదులు చేస్తే చేతులు తిరుగుతాయి, అప్పడం జారుతుంది.

ఇక్కడ చాలామంది తలకిందులుగా అనుకునే సంగతొకటి ఉంది. అదిమే పని మన కాలిది కాదు, స్ప్రింగుది. పెడల్ మీద కాలు లేనంతసేపూ స్ప్రింగు ప్లేటుని అదుముతూనే ఉంటుంది. పెడల్ తొక్కడమంటే ఆ పట్టుని విడిపించడం. ఈ స్ప్రింగు చుట్టలు చుట్టినది కాదు, సాసరులా కాస్త వంపు తిరిగిన ఉక్కు పళ్లెం. మధ్య నుంచి అంచు దగ్గరిదాకా పూరేకుల్లా చీల్చి ఉంటుంది. ఆ రేకుల కొసల్ని లోపలికి నొక్కితే అంచు వెనక్కి లేస్తుంది. ఏతం లెక్క: ఈ కొస తొక్కితే ఆ కొస లేస్తుంది. రేకుల్ని నొక్కడానికి రిలీజ్ బేరింగ్, బేరింగ్‌ని తోయడానికి ఫోర్కు, ఫోర్కుని లాగడానికి వైరు, వైరుని లాగడానికి పెడల్. పాత మారుతీ 800, ఆల్టో, వ్యాగన్ ఆర్ లాంటి చిన్న బళ్లలో ఈ వరుస ఇంతే.

పానా పట్టుకునే ముందు ఈ బొమ్మ మనసులో ఉండాలి, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది వింటే మొదట నమ్మబుద్ధి కాదు. బండి నడిచేకొద్దీ ప్లేటు అరుగుతుంది, పల్చబడుతుంది. అరిగితే మధ్యలో ఖాళీ పెరిగి పెడల్ లూజవుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దానికి సరిగ్గా ఎదురు. ప్లేటు పల్చబడ్డ కొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది. ఏతం ఈ కొస దిగితే ఆ కొస లేవాలి కదా, రేకుల కొసలు గేర్ బాక్సు వైపు పొడుచుకొస్తాయి. వచ్చి బేరింగ్‌ని వెనక్కి నెడతాయి. పెడల్ పైన ఉత్తినే ఆడే ఆ కాస్త ఆట తగ్గిపోతూ వస్తుంది. ఆ ఆటనే ఫ్రీ ప్లే అంటారు. చాలా చిన్న కార్లలో అది ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మీ బండికి ఎంతో బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది.

ఆట సున్నా అయిందంటే బేరింగ్ ఎప్పుడూ రేకుల మీద ఆనుకునే ఉందని అర్థం. మీ కాలు కింద ఉన్నా, పెడల్‌ని కనపడని కాలొకటి తొక్కుతూ ఉన్నట్టే. స్ప్రింగు పూర్తి పట్టు పట్టదు, ప్లేటు జారుతుంది, జారితే వేడి, వేడికి ఇంకా అరుగుదల, అరిగితే ఇంకా ఆనుకోవడం. ప్లేటు అరిగి సున్నా అయినా, ఎవరో వైరు బిగించి సున్నా చేసినా, ఫలితం ఒక్కటే.

మా వాడి బండి ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని బానెట్ ఎత్తడం కూడా కాదు. డ్రైవర్ సీటు పక్కన కింద కూర్చుని పెడల్ మీద వేలు పెట్టి తోశాను. ఒక్క వేలితో. సరైన పెడల్ మొదట ఉత్తినే వెళ్లి, తర్వాత బరువు తగలాలి. ఇది వేలు పెట్టగానే బరువు. ఆట బొత్తిగా లేదు. బానెట్ ఎత్తితే గేర్ బాక్సు దగ్గర వైరు కొసన మర ఉంది, నట్టు చాలా దూరం ఎక్కించేసి ఉంది. పాత మర భాగం దుమ్ము పట్టి నల్లగా, కొత్తగా ఎక్కించిన మేర మాత్రం తళతళా.

ముందు జారుతోందో లేదో పరీక్ష చేశాం. ఇది ఎవరైనా చేసుకోవచ్చు. చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, కుడికాలు బ్రేకు మీద పెట్టి, ముందూ వెనకా మనుషులు లేకుండా చూసుకుని, ఫోర్త్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదలాలి. క్లచ్ పట్టు బాగుంటే ఇంజిన్ వెంటనే దడదడలాడి ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉందంటే లోపల ప్లేటు జారుతున్నట్టు. ఒక్కసారి చేస్తే చాలు. సరదాకి నాలుగుసార్లు చేస్తే పరీక్షే జబ్బవుతుంది. మా వాడిది మొదటిసారి ఆగలేదు, తిరుగుతూనే ఉంది.

నట్టు వెనక్కి తిప్పాం. పెడల్‌కి ఆట వచ్చేదాకా తిప్పి, లాక్ నట్టు బిగించి, బండి గంటసేపు చల్లారనిచ్చి మళ్లీ అదే పరీక్ష చేస్తే ఇంజిన్ టక్కున ఆగిపోయింది. పానా పట్టి పావుగంట పని.

మరి మొదట గేర్లు గట్టిగా పడ్డ మాట? ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు జారుడు సంగతి పూర్తి చేద్దాం.

పట్టు చాలని క్లచ్

జారుడు ఎప్పుడూ పెద్ద గేర్లలో బయటపడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఫోర్త్‌లోనో ఫిఫ్త్‌లోనో ఉండి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి వేగం పెరగదు. చిన్న గేర్లలో బండి సులువుగా పరిగెత్తుతుంది కాబట్టి ప్లేటు మీద అంత భారం పడదు, జబ్బు దాక్కుంటుంది. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్పీఎం మీటరు బండిలో లేకపోతే చెవే మీటరు. మోత పెరగకుండానే బండి లాగకపోతే అది క్లచ్ కాదు. ఎయిర్ ఫిల్టరో, పెట్రోలు సరఫరానో, పట్టేసిన బ్రేకులో చూసుకోవాలి. "పికప్ లేదు" అనగానే క్లచ్ సెట్టు రాయించేవాళ్లకి ఈ ఒక్క ప్రశ్న వేయండి: మోత పెరుగుతోందా లేదా?

వాసన కూడా సాక్ష్యమే. కాలిన క్లచ్ వాసన కాగితం మాడినట్టు, రబ్బరు మాడినట్టు, రెంటికీ మధ్యలో ఉంటుంది. ఒకసారి పీల్చినవాళ్లు మరిచిపోరు. అయితే ఒక్కసారి వాసన వచ్చినంత మాత్రాన ప్లేటు పోయినట్టు కాదు. చల్లారాక పట్టు తిరిగొస్తే అదింకా బతికే ఉంది.

అసలు ఎంత వేడి పుడుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి 1100 కిలోల చిన్న కారు. చదును రోడ్డు మీద ఫస్ట్ గేరులో నిలబడ్డ బండిని గంటకు 9 కిలోమీటర్ల వేగందాకా కదిలించేలోపు క్లచ్‌లో పుట్టే వేడి దాదాపు ఆ బండి పొందిన చలనశక్తి అంత, అంటే సుమారు 3,400 జౌళ్లు. ఇది పెద్ద లెక్కేం కాదు, ప్లేటు రోజుకి వందసార్లు తట్టుకుంటుంది. ఇప్పుడు అదే బండి ఫ్లైఓవర్ వాలు మీద, నూరు మీటర్లకు ఎనిమిది మీటర్లు ఎక్కే చోట, ముందు ట్రాఫిక్ కదలదు. బ్రేకు వేయకుండా, పెడల్ సగం తొక్కిపట్టి హాఫ్ క్లచ్ మీద బండిని గాల్లో తేలినట్టు నిలబెట్టాం. బండి వెనక్కి జారకుండా ఆపుతున్నదంతా జారుతున్న ప్లేటే. ఇంజిన్ 1500 ఆర్పీఎం దగ్గర ఉంటే అప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి సెకనుకి రెండువేల జౌళ్ల పైమాటే. రెండు ఇస్త్రీ పెట్టెలు క్లచ్ చుట్టూ ఉండే డొల్లలో పెట్టి స్విచ్చి వేసినట్టు. అర నిమిషం అలా నిలబెడితే చదును మీద ఇరవైసార్లు బండి కదిలించినంత వేడి ఒకేసారి. బేగంపేట, పంజాగుట్ట వైపు సాయంత్రం ఆరింటికి వాలు మీద ఆగే బళ్లలో సగం ఇస్త్రీ పెట్టెలే.

హ్యాండ్ బ్రేక్ వేసి ఆగండి, కదిలేటప్పుడు వదలండి. డ్రైవింగ్ స్కూల్లో నేర్పింది ఇదే, లైసెన్స్ వచ్చిన వారానికి మరిచిపోయేదీ ఇదే. గేర్లు మార్చనప్పుడు కూడా ఎడమకాలు పెడల్ మీద ఆనించి ఉంచే అలవాటుదీ ఇదే పాపం. కాలి బరువుకే ఆట పోయి బేరింగ్ ఆనుకుంటుంది.

మాటలో మాట. క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ బళ్లవాళ్లు ఇదంతా తమకి కాదనుకోవద్దు. 2014లో సెలేరియోతో మారుతీ ఏజీఎస్ అన్న పేరుతో మొదలుపెట్టిన ఏఎంటీలోనూ ఉన్నది ఇదే రాపిడి ప్లేటు. తొక్కే కాలి బదులు మిషను తొక్కుతుంది, అంతే. వాలు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే అక్కడా మాడేది ప్లేటే.

జారుడుకి మూడో కారణం నూనె. ఇంజిన్ వైపు ఆయిల్ సీలో, గేర్ బాక్సు షాఫ్టు సీలో కారితే నూనె ప్లేటు మీద పడుతుంది. అప్పుడు వైరు ఎంత సవరించినా లాభం లేదు. ఇంజిను, గేర్ బాక్సు కలిసే చోట కింది నుంచి నూనె చుక్కలు కడుతున్నాయేమో టార్చి వేసి చూడండి.

వదలని క్లచ్

ఇప్పుడు రెండో జబ్బు. పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేటు ఇంకా కాస్త రాసుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. గేరు పడదు, పడితే కర్రుమంటుంది. రివర్స్ అయితే మరీ. చాలా చిన్న బళ్లలో ముందు గేర్లకుండే సింక్రోమెష్, అంటే వేగాలు కలిపి గేరుని మెత్తగా పడనిచ్చే ఏర్పాటు, రివర్స్‌కి ఉండదు కాబట్టి క్లచ్ ఏమాత్రం వదలకపోయినా మొదట ఫిర్యాదు చేసేది రివర్సే.

పరీక్ష తేలిక. ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. హాయిగా పడుతున్నాయా? ఇప్పుడు స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కర్రుమంటే క్లచ్ వదలట్లేదు. ఇంజిన్ ఆపినప్పుడు కూడా గేర్లు గట్టిగానే పడుతుంటే క్లచ్‌ని తిట్టకండి. గేరు రాడ్డు దగ్గర నుంచి గేర్ బాక్సు దాకా వెళ్లే వైర్లో, బుష్షులో చూడాలి. ఈ తేడా చూడకుండా క్లచ్ సెట్టు మార్పించుకుని, మార్చాక కూడా గేర్లు అలాగే పడుతుంటే తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

వదలకపోవడానికి అన్నింటికన్నా చవకైన కారణం కాళ్ల కింద ఉంటుంది. కంపెనీ మ్యాటు మీద ఇంకో మ్యాటు, దాని మీద పాత గోనెపట్టా. పెడల్ నేలకి తగిలే ముందే మ్యాటుకి తగులుతుంది, చివరి సెంటీమీటరున్నర తొక్కుడు అందదు. తీసి పక్కన పడేసి చూడండి, ఉచితం.

తర్వాత వైరు. లోపలి తీగలు ఒక్కొక్కటే తెగుతూ సాగిపోతుంటాయి, పెడల్ తొక్కుతుంటే ఇసుకలో తొక్కినట్టు గరగరమంటుంది. ఆ దశలో బిగించడం కాదు, మార్చడం మేలు. మా వాడి బండిలో జరిగింది ఇదే మరి. సాగిన వైరువల్ల క్లచ్ సరిగా వదల్లేదు, గేర్లు గట్టిగా పడ్డాయి. షెడ్డులో వైరు మార్చే బదులు నట్టు బిగించారు. కావలసినంత బిగించి ఆగితే బాగుండేది. గేర్లు ఎంత సుతారంగా పడితే అంత మంచిదనుకుని ఆట మొత్తం తినేశారు. వదలని క్లచ్‌కి మందేస్తే పట్టని క్లచ్ అయింది. ఘాట్ ఎక్కేదాకా అది పైకి తేలలేదు. నట్టు సడలించిన సాయంత్రమే కొత్త వైరు కూడా వేయించాం. వైరు ఖర్చు వందల్లో, క్లచ్ సెట్టు ఖర్చు వేలల్లో.

వైరు దారిలోనే తెగితే? రద్దీ లేని రోడ్డు అయితే ఇంజిన్ ఆపి ఫస్ట్ గేరు వేసి తాళం తిప్పండి. బండి ఎగిరెగిరి కదిలి స్టార్ట్ అవుతుంది. అదే గేరులో మెల్లగా దగ్గరి షెడ్డుకి చేరొచ్చు, ఆగాలంటే బ్రేకు తొక్కి ఇంజిన్ ఆపేయడమే. రద్దీలో మాత్రం ఈ సాహసం వద్దు, తోయించుకోండి.

వదలని క్లచ్‌లో ఇంకో రకం ఉంది, వరదల తర్వాత కనిపిస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో నీళ్లలో నానిన బళ్లు ఎన్నో. ఇంజిన్‌లోకి నీళ్లు పోయిన బండిని అసలు స్టార్ట్ చేయకూడదు, అది వేరే కథ. ఇంజిన్ బాగుండి, నెలల తరబడి నిలిచిపోయిన బండిలో ఫ్లైవీల్‌కి తుప్పు పట్టి ప్లేటు దానికి అంటుకుపోతుంది. పెడల్ మామూలుగానే ఆడుతుంది, గేరు మాత్రం పడదు. ఖాళీ మైదానంలో ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఆపి, ఫస్ట్ గేరులో స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కిపట్టే ఉంచి యాక్సిలరేటర్ ఇస్తూ వదులుతూ పోతే ఒక్కోసారి టప్పున ఊడొస్తుంది. రాకపోతే దించక తప్పదు.

కూతలు, వణుకులు

చప్పుడు విని జబ్బు చెప్పడం పెద్ద విద్యేం కాదు. న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కితే కూత మొదలై, వదిలితే ఆగితే అది రిలీజ్ బేరింగ్. దానికి ఎదురుగా, వదిలి ఉన్నప్పుడు గుర్రుమని, తొక్కితే ఆగిపోతే గేర్ బాక్సు ముందు షాఫ్టు బేరింగ్‌ని అనుమానించాలి. ఎందుకంటే పెడల్ తొక్కినప్పుడు ఆ షాఫ్టు తిరగడం ఆగుతుంది.

బండి కదిలేటప్పుడు ఒళ్లంతా వణికితే ప్లేటు మీద నూనె పడి ఉండొచ్చు, ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు పడి ఉండొచ్చు. కానీ ముందు ఇంజిన్ మౌంటింగు రబ్బర్లు చూడండి. అవి చిరిగితే బోలెడు డబ్బు పోసి వేసిన కొత్త క్లచ్ కూడా వణుకుతుంది.

పెడల్ రాయిలా బరువెక్కితే రెండే అనుమానాలు: ఎండిపోయిన వైరు, లేదా అరిగిన ప్లేటు వల్ల పొడుచుకొచ్చిన రేకులు. వైరు మారిస్తే తేలిపోతుంది.

నూనెతో నడిచే క్లచ్

వైరు బదులు బ్రేక్ ఆయిల్‌తో నడిచే హైడ్రాలిక్ క్లచ్ ఇప్పుడు చాలా చిన్న కార్లలోనూ ఉంది. అందులో లెక్క మారుతుంది. ప్లేటు అరిగిన మేర నూనె తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి పెడల్ ఎక్కడ పట్టుకుంటుందో చూసి అరుగుదల చెప్పడం కుదరదు. "క్లచ్ పైన పడుతోంది, ప్లేటు అయిపోయింది" అన్న పాత సూత్రం వైరు బళ్లకే.

ఇక్కడ అసలు శత్రువు గాలి. పెడల్ ఒకసారి తొక్కితే గేరు పడక, రెండుమూడుసార్లు గబగబా తొక్కితే పడుతోందంటే పైపుల్లో గాలి చేరింది, లేదా పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్‌లోనో, గేర్ బాక్సు దగ్గరుండే స్లేవ్ సిలిండర్‌లోనో నూనె కారుతోంది. కాళ్ల దగ్గర, పెడల్ రాడ్డు లోపలికి వెళ్లే చోట చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. చాలా బళ్లలో బ్రేకుకీ క్లచ్‌కీ నూనె డబ్బా ఒక్కటే. దాంట్లో మట్టం తగ్గుతుంటే అది క్లచ్ సమస్యగా వదిలేసేది కాదు. పోసేది మూత మీద రాసిన డాట్ నంబరు బ్రేక్ ఆయిలే కావాలి, ఇంజిన్ ఆయిల్ పొరపాటున చుక్క పడినా రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. స్లేవ్ సిలిండర్ కొన్ని బళ్లలో గేర్ బాక్సు బయటే ఉంటుంది, గంట పని. కొన్నింటిలో బేరింగ్‌తో కలిపి షాఫ్టు చుట్టూ లోపలే ఉంటుంది, అప్పుడు గేర్ బాక్సు దించడమే.

దించాల్సి వచ్చినప్పుడు

మా వాడి బండి ఆ తర్వాత ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఆ పైన ఫోర్త్ గేరులో మళ్లీ జారుడు మొదలైంది. ఈసారి పెడల్‌కి ఆట చక్కగా ఉంది, వైరు కొత్తది, నూనె చుక్కలు లేవు. అన్ని అనుమానాలూ తీరాక మిగిలింది ప్లేటే. దించమన్నాం, నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను.

ముందు చక్రాలతో నడిచే బండిలో గేర్ బాక్సు దించడమంటే గేర్ ఆయిల్ తీయాలి, రెండు వైపులా డ్రైవ్ షాఫ్టులు లాగాలి, ఇంజిన్‌కి కింద ఆసరా పెట్టాలి. కూలి ఎక్కువ దానికే. అందుకే "ప్లేటు ఒక్కటే వేద్దాం సార్, మిగతావి బాగానే ఉన్నాయి" అంటే ఒప్పుకోకండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ కలిపి సెట్టుగా మార్చేయడమే మంచిది. ఆరు నెలల తర్వాత బేరింగ్ కూస్తే కూలి మొత్తం మళ్లీ కట్టాలి. సీళ్లు కూడా అంతే, ఆ చోటు కనపడేది అప్పుడే.

ఊడదీసిన పాత ప్లేటు చేతికిచ్చాడు. ఒకవైపు రివెట్లు పైతలానికి దాదాపు సమంగా వచ్చేశాయి. రివెట్టు తల లోతు అర మిల్లీమీటరుకి దిగితే ప్లేటు పని అయిపోయినట్టే, ఇది అంతకన్నా తక్కువ. పైన గాజులా నున్నగా మెరుస్తోంది. ప్రెషర్ ప్లేటు తిప్పి చూస్తే అసలు సంగతి కనపడింది. రేకుల కొసల మీద గుండ్రంగా ఒక గాడి, గోరు పెడితే గోరు దిగేంత. ఆ నెల రోజులూ బేరింగ్ పగలూ రాత్రీ తేడా లేకుండా ఎక్కిన గుర్తు. బేరింగ్ చేతిలో తిప్పితే కంకర నమిలినట్టు గరగర.

డొల్ల నిండా ఉన్న నల్లటి పొడిని ఎయిర్ పైపుతో ఊదబోతే ఆపాను. పాతకాలపు ప్లేట్లలో ఆస్బెస్టాస్ కలిసేది. ఇప్పుడు అది లేని రకాలు దొరుకుతున్నా, ఏ ప్లేటులో ఏముందో చూసి చెప్పలేం. తడిగుడ్డతో తుడిస్తే పోయే దానికి ఊపిరితిత్తుల్ని అడ్డు పెట్టడం దేనికి?

ఫ్లైవీల్ మీద లేత నీలం మచ్చలున్నాయి, పగుళ్లు లేవు. ఎమరీతో రుద్దితే సరిపోయింది. గాట్లు లోతుగా ఉంటే లేత్ మీద ఫేసింగ్, పగుళ్లుంటే కొత్తది. సెట్టు కొనడానికి సికింద్రాబాదులో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ ఉండగా దొరకనిదంటూ లేదు. దొరికేవాటిలో నకిలీవీ ఉంటాయి కాబట్టి బిల్లు తీసుకోవాలి. బిగించే ముందు కొత్త ప్లేటుని గేర్ బాక్సు షాఫ్టు మీద ఎక్కించి వదులు లేకుండా జారుతోందో లేదో చూడాలి.

బిగింపులో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. ప్లేటుకి ముందువైపు, వెనకవైపు ఉంటాయి. మామూలుగా మధ్యలో స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు గేర్ బాక్సుకి ఎదురుగా రావాలి. తిరగేసి వేస్తే అంతా బిగించాక క్లచ్ వదలదు, మళ్లీ దించాలి. రెండోది మధ్యకి కుదర్చడం. ప్లేటు సరిగ్గా నడిమధ్య ఉండేలా డమ్మీ షాఫ్టు పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. కుదరలేదని గేర్ బాక్సుని బోల్టులతో బలవంతంగా లాగితే కొత్త ప్లేటు హబ్బు వంగుతుంది. షాఫ్టు పళ్లకి గ్రీజు పెట్టీ పెట్టనట్టు పూయాలి, ఎక్కువైతే చెదిరి ప్లేటు మీదే పడుతుంది. చివరికి వైరు ఆట కొలిచి పెట్టి, తీసిన గేర్ ఆయిల్ బదులు కొత్తది పోశారు. ఈ చివరిది మరిచిపోయి బండి నడిపినవాళ్లు లేకపోలేదు.

కొత్త ప్లేటు కుదురుకోవడానికి మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెత్తగా నడపమని, ఘాట్లూ లోడ్లూ వద్దని చెప్పి పంపాను. పాత సామాన్లు మూడూ అడిగి డిక్కీలో వేయించాను.

నాలుగో రోజు ఫోన్. "బావా, పెడల్ మరీ దూదిలా ఉంది. పైన ఉత్తినే ఆడుతోంది కూడా. ఇక్కడ మా ఆఫీసు దగ్గర షెడ్డులో చూపిస్తే వైరు లూజుగా ఉంది, బిగిస్తే సరిపోతుందంటున్నాడు."

"పానా అతని చేతిలో ఉందా?"

"ఉంది."

"బానెట్ వేసేసి బయల్దేరు."